ఫోటో మొహం

"అన్నం పిసికి పిసికి జావ చేసేశాను. ఇంకేటి కావాలే నీకు?" అంది రోజలిన్.

ఫ్లోరా పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. ఎడమ చెవి ముందు రెండు వేళ్ళు నొక్కిపెట్టుకుని, ఒక ముద్ద నోట్లో వేసుకుని, నమలకుండా అలాగే ఉంచుకుంది. పదిహేనేళ్ళ పిల్ల పప్పన్నం మింగడానికి ఇంత అవస్థ పడుతుంటే చూడటానికి కూడా ఓపిక ఉండాలి. ఆ ఓపిక శుక్రవారం నుంచి ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"దాన్నేటీ అనకు," అన్నాడు యోహాన్. "దానిదేటి తప్పు? తప్పు సేసినోల్లు సుబ్బరంగా తిరుగుతన్నారు."

చర్చి నుంచి వచ్చి చొక్కా కూడా మార్చలేదతను. వారమంతా అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసి, ఆదివారం ఒక్క పూట ఇంటిపట్టున కాళ్ళు చాపుకుంటాడు. ఈ ఆదివారం అదీ లేదు. గాజువాకలోని ఆ రెండు గదుల వాటాలో కుర్చీకీ కిటికీకీ మధ్య ఉన్న నాలుగడుగుల జాగాలోనే అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఆ పిల్ల పేరేటన్నావురా తమ్ముడూ?"

అడిగింది రత్నమణి, యోహాన్ అక్క. ఆరాధన అయ్యాక తన ఇంటికి పోకుండా అటునుంచటే ఇక్కడికి వచ్చేసింది. మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. సంగతేదో తేలేదాకా లేచేలా లేదు.

"గజాలా."

"ఆ, గజాలా. కల్లెక్కడెట్టుకున్నాదంట? లోపల ఎముక ఫోటో తీసినప్పుడు పిల్ల దవడ ముందుకెట్టిందో ఎనక్కెట్టిందో సూసుకోవద్దా? దానికే కదా జీతం ఇత్తన్నారు."

రోజలిన్ గరిటె గిన్నెలో పెట్టింది. ద్వారకా నగర్‌లో అదే స్కాన్ సెంటర్లో, అదే యంత్రం దగ్గర, పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్నదీ అదే పని. ఆ సంగతి రత్నమణికి తెలియక కాదు. తెలిసే, ఎంతైనా ఇంటి కోడలు కదా అని ఆ తప్పును గజాలా ఖాతాలో వేసి మాట్లాడుతోంది. జీవితంలో మొదటిసారి ఆడపడుచు తనని వెనకేసుకొస్తుంటే రోజలిన్‌కి తల ఎత్తాలనిపించలేదు.

బల్ల మీద రెండు ప్రింట్లు పక్కపక్కన పడి ఉన్నాయి. గురువారం కొత్తగా చూపించిన మధురవాడ పళ్ళ డాక్టరు కూడా వాటిని అలాగే పక్కపక్కన పెట్టి చూపించాడు. ఒకటి రెండేళ్ళ కిందటిది, ఒకటి మొన్నటిది. చెవి ముందు కీలు దగ్గర, కింది దవడ ఎముక తల దాని గూట్లో కుదురుగా కూర్చోవాలి. పాత బొమ్మలో అది గూట్లోంచి ముందుకు జరిగి ఉంది. "ఈ ఫోటో తీసే టైముకి పాప కావాలని దవడ ముందుకు నెట్టి పట్టుకుంది. ఎదురుగా నిలబడ్డవాళ్ళు చూసుకోవాల్సింది," అన్నాడాయన.

చూసుకోలేదు. పైగా రిపోర్టులో, వెనక పళ్ళు ఆనించి తీశామని ఒక ముక్క రాసి ఉంది. ఆ ముక్క నమ్మి, అప్పట్లో పిల్ల పళ్ళు చూసిన శుభాకర్ డాక్టరు కింది దవడ బాగానే ఉందనుకున్నాడు. పై పళ్ళే ఎత్తుగా ఉన్నాయని తేల్చి, రెండు మంచి పళ్ళు పీకించి, మిగిలినవాటికి తీగ కట్టి వెనక్కి లాగాడు. నిజానికి పిల్లకి కింది దవడే వెనక్కి ఉంది. పదమూడేళ్ళప్పుడు నోట్లో ఒక పరికరం పెడితే ముందుకు పెరిగేది. ఇప్పుడు ఆ వయసు దాటిపోయింది. వెనక్కి లాగిన పై పళ్ళు కింది దవడని ఇంకా వెనక్కి తొక్కిపెడుతున్నాయి. నోరు తెరిస్తే చెవి దగ్గర టిక్కుమంటోంది. ఇక పద్దెనిమిది నిండాక ఎముక కోసి జరపాలి, వేరే దారి లేదు.

యోహాన్ శుక్రవారం సెలవు పెట్టి వెళ్ళి స్కాన్ సెంటర్లో గొంతు చించుకుని వచ్చాడు. యజమాని వాసు కంప్యూటర్ తెరిచి ఆ తేదీ చూస్తే, ఆ పూట యంత్రం గజాలా లాగిన్ పేరు మీద నడిచినట్టుంది.

"రేపు తొమ్మిదింటికి వాసు గారి చేతిలో ఈ కాయితం పెడతాను," అన్నాడు యోహాన్, ప్రింట్ల పక్కనున్న ఫిర్యాదు కాగితం ఎత్తి చూపిస్తూ. "నాను సంతకం ఎట్టేశాను. తల్లీతండ్రీ ఇద్దరూ ఎడితే ఆ పిల్లని తీసేత్తానన్నారు. నువ్వు అక్కడి మనిషివి. నువ్వు ఎడితే ఇంక మాటుండదన్నారు."

"పెడతాను లెండి," అంది రోజలిన్.

"నిన్నట్నుంచీ అదే మాట."

"పిల్ల తింతన్నాది కదండీ. తిన్నాక పెడతాను."

"పిల్లకీ సంతకానికీ ఏటి సంబందం?" అంది రత్నమణి.

 ఫ్లోరా పళ్ళెం తీసుకుని లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. రోజలిన్ కూడా దాని వెనకే వెళ్ళింది.

*

"పారబోయకు. చారు పోసిస్తాను, తాగు."

"గజాలా ఆంటీ తీయలేదు కదా మమ్మీ."

రోజలిన్ కుళాయి తిప్పింది. నీళ్ళు గిన్నెలో పడి చప్పుడు చేశాయి.

"మెల్లగా మాట్లాడు."

"మెల్లగానే అంటన్నాను. గట్టిగా అనడానికి నోరెక్కడ తెరుచుకుంటాది?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్న మాటే అంది. అందుకే రోజలిన్‌కి ఎక్కువ కోపం వచ్చింది.

రెండేళ్ళ కిందట ఆ స్కాను తీసిన రోజు మధ్యాహ్నం వన్ టౌన్ నుంచి గజాలాకి ఫోను వచ్చింది. తల్లి షరీఫున్నీసా షుగర్ పడిపోయి వంటింట్లో కూలబడిందని. గజాలాకి సెలవులన్నీ అయిపోయాయి. "నా పేరు మీదే నడిపించెయ్యక్కా, గంటలో వచ్చేత్తాను," అని చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తింది. రోజలిన్ వెళ్ళమంది. అలాంటివి వాళ్ళిద్దరి మధ్య మామూలే. ఫ్లోరాకి టైఫాయిడ్ వచ్చినప్పుడు వారం రోజులు గజాలా కూడా అలాగే కాసింది.

అప్పుడే ఫ్లోరా పళ్ళ స్కాను కోసం స్కూలు బ్యాగుతో సెంటర్‌కి వచ్చింది. సొంతవాళ్ళకి స్కాను తీయకూడదని అక్కడ ఒక నియమం ఉంది. గజాలా వచ్చేదాకా ఆగుదామనుకుంది రోజలిన్. గంట దాటింది. పిల్లకి ట్యూషన్ టైమైంది. రెండు నిమిషాల పనికి ఇంత చూడాలా అనుకుని, తనే పిల్లని యంత్రం ముందు నిలబెట్టింది.

ఇంతవరకూ ఆమె తనకి తాను చెప్పుకున్న కథ. ఇందులో పిల్ల తప్పుంది, యంత్రం తప్పుంది, శుభాకర్ డాక్టరు తప్పుంది. తన తప్పు మాత్రం వేలెడంతే.

"నాను చెప్పానా లేదా? వెనక పళ్ళు ఆనించి కదలకుండా ఉండమని?" అంది.

"చెప్పావు."

"మరెందుకే ముందుకెట్టావు?"

ఫ్లోరా తల్లి మొహంలోకి చూసింది. ఇంత తెలియని ప్రశ్న తల్లి అడుగుతుందని ఆ పిల్ల అనుకోలేదు.

"నువ్వు చూస్తన్నావు కదా మమ్మీ."

"చూస్తే?"

"ఫోటో తీస్తన్నప్పుడు నువ్వు చూస్తంటే నాను ఎప్పుడైనా మామూలుగా ఉన్నానా?"

రోజలిన్ కుళాయి కట్టేసింది.

ఫ్లోరాకి ఎనిమిదేళ్ళప్పుడు క్రిస్మస్‌కి సండే స్కూలు పిల్లలందరినీ వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. అది చూసి రత్నమణి పదిమందిలో, "ఈ పిల్లకి గెడ్డం ఎట్టడం దేవుడు మర్సిపోనాడు," అంది. అందరూ నవ్వారు. రోజలిన్ కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. ఇంటికొచ్చి పిల్లని అద్దం ముందు నిలబెట్టి, కింది దవడ ముందుకు ఎలా జరపాలో, పెదాలు ఎలా కలపాలో గంటసేపు నేర్పింది. అప్పట్నుంచి ఎవరు ఫోను ఎత్తి పట్టుకున్నా సరే, రోజలిన్ తన గెడ్డం ఒక వేలితో ముట్టుకునేది. పిల్ల దవడ ముందుకు పెట్టేది. ఫోటో అయ్యాక రోజలిన్ "అయిందమ్మా" అనేది. ఆ మాట వినేదాకా పిల్ల దవడ వెనక్కి తీసుకునేది కాదు. రాను రాను గెడ్డం ముట్టుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది.

ఏడేళ్ళ ఫోటోలున్నాయి ఆ ఇంట్లో. కూతురి అసలు మొహం ఒక్కదాంట్లోనూ లేదు.

"గజాలా ఆంటీ తీసుంటే మామూలుగా పళ్ళు కరుద్దును," అంది ఫ్లోరా. "ఆంటీ ముందు నాకేటి సిగ్గు?"

రోజలిన్ గట్టు పట్టుకుని నిలబడింది. ఆ మధ్యాహ్నం ఇప్పుడు ఆమెకి స్పష్టంగా గుర్తొచ్చింది. పదకొండేళ్ళలో ఎన్ని వందల మంది పిల్లలొచ్చారో. ప్రతి పిల్ల బుగ్గ మీదా వేలు పెట్టి, వెనక పళ్ళు కలిశాయో లేదో తడిమి చూశాకే ఆమె గది తలుపు వేసేది. దవడ జరిగితే, "వదులు నాన్నా, వెనక్కి కొరుకు," అనేది. సొంత కూతురి బుగ్గ మీద మాత్రం వేలు పెట్టలేదు. గాజు అద్దం ఇవతల నిలబడి చూసింది. పిల్ల కళ్ళు మూసుకుని, గెడ్డం ముందుకు పెట్టి, పెదాలు చక్కగా కలుపుకుని నిలబడి ఉంది. ఎంత బాగుందో నా కూతురు అనుకుంది. మీట నొక్కింది. తర్వాత కూర్చుని, వెనక పళ్ళు ఆనించి తీశామని తనే టైపు చేసింది.

కనిపించక కాదు. కనిపించింది. అదే నిజం మొహం అనుకుంది.

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. సిగ్గుపడ్డ మనిషి ఊరికే ఉండదు. "ఈ మాట రెండేళ్ళ కిందట చెప్పడానికి ఏటైనాది నీకు? పళ్ళు పీకేముందు చెప్పడానికేటి?" అని పిల్ల మీద విరుచుకుపడింది, గొంతు పైకి లేవనివ్వకుండా.

"నాకేటి తెలుసు? నువ్వు బాగా వచ్చింది అన్నావు."

అన్నది. ఆ రోజు ఆటోలో పిల్లని ట్యూషన్‌కి దింపుతూ అదే మాట అంది.

"డాడీకి చెప్పకు," అంది రోజలిన్. "రేపు వాసు గారితో నానే మాట్లాడతాను. ఉద్యోగం పోకుండా ఏదో ఒకటి చూస్తాను. అందాకా చెప్పకు."

"ఎవరి ఉద్యోగం?"

రోజలిన్ జవాబు చెప్పేలోపు వీధి తలుపు ఎవరో తట్టారు.

*

గజాలా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఎండలో రెండు బస్సులు మారి వచ్చినట్టుంది, తలమీది స్కార్ఫ్ అంచు చెమటకి తడిసిపోయింది.

"లోపలికి రావొచ్చా బావగారూ?"

"రా," అన్నాడు యోహాన్. కూర్చోమనలేదు.

"ఏ మొహమెట్టుకుని వొచ్చినావమ్మా?" అంది రత్నమణి మంచం మీంచి.

గజాలా ఆమెని పట్టించుకోలేదు. "నిన్న వాసు సార్ ఫోన్ చేశారు. సోమవారం కాయితం వస్తాది, ఇంక రానక్కర్లేదన్నారు. నాను ఏటీ అడగలేదు. ముందు అక్కతో మాట్లాడదామని వొచ్చాను." వంటగది గుమ్మంలో నిలబడ్డ రోజలిన్ వైపు చూసింది. ఆ చూపులో అనుమానం లేదు. రోజలిన్ చూపు తిప్పుకుంది.

"మాట్లాడేదేటుంది? నీ పేరు అక్కడ కనబడతన్నాది," అన్నాడు యోహాన్.

"పేరు నాదే బావగారూ. ఆ మద్దేనం నాను సెంటర్లో లేను. అమ్మీ పడిపోతే ఇంటికెళ్ళాను. పేరు తెరిచి వొదిలేసి ఎల్లాను, అది తప్పే, దానికి సార్ ఏటన్నా పడతాను. కానీ ఫ్లోరా పాపని నాను తీయలేదు. అక్కకి తెలుసు."

అందరూ రోజలిన్ వైపు తిరిగారు.

 కింద వీధిలో కొబ్బరి బొండాల బండివాడు కత్తితో కొడుతున్న చప్పుడు వినపడుతోంది. నిజం చెప్పడానికి రెండే మాటలు చాలు. నానే తీశాను. ఆ రెండు మాటలూ రోజలిన్ నాలిక మీదకి వచ్చాయి కూడా. వాటి వెనకాల యోహాన్ మొహం కనిపించింది, రత్నమణి నోరు కనిపించింది, పోయిన ఉద్యోగం కనిపించింది. అన్నిటికంటే వెనకాల, ఎందుకు ముందుకెట్టింది అని వాళ్ళు అడగబోయే ప్రశ్న కనిపించింది.

"రెండేళ్ళయింది గజాలా," అంది. "ఏ పూట ఎవరు ఎక్కడున్నారో ఎలా గుర్తుంటాది?"

గజాలా ఆ మాట అర్థం కానట్టు నిలబడింది. అర్థమయ్యాక కూడా అలాగే నిలబడింది.

"గుర్తు లేదా అక్కా?"

"నాకు గుర్తు లేదు."

"అమ్మీకి ఎలాగుందని సాయంత్రం నువ్వు ఫోను చేశావు. అది కూడా గుర్తు లేదా?"

రోజలిన్ కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేని చేతులు.

"సూశావా తమ్ముడూ? దొరికిపోయి దీని మీదకి నెట్టేత్తన్నాది," అంది రత్నమణి. "సొంత కూతురికి తల్లి అలగ తీత్తాదేటమ్మా? బుద్దుండి మాట్లాడు."

"నాను ఎవరి మీదకీ నెట్టట్లేదమ్మగారూ." గజాలా మొదటిసారి రత్నమణి వైపు తిరిగింది. "అమ్మీకి వారానికోసారి ఆస్పత్రి. నాకు ఇదొక్కటే పని. ఇదే మచ్చతో బయటికి పంపితే ఈ ఊళ్ళో ఏ సెంటరోళ్ళూ నన్ను పెట్టుకోరు. అక్కకి గుర్తు లేకపోతే పోనీండి. పాప ఉంది కదా. పాపనడగండి."

యోహాన్ ఆగిపోయాడు. ఇంతసేపూ అది ఎవరికీ తట్టలేదు. పిల్ల నోటి గురించి మూడు రోజులుగా కొట్టుకుంటున్నారు గానీ, ఆ నోరు ఏం చెబుతుందో ఒక్కరూ అడగలేదు.

"ఫ్లోరా, ఇలా రా."

పిల్ల తల్లి పక్కనుంచి తప్పుకుని గది మధ్యకి వచ్చింది. యోహాన్ కుర్చీలో కూర్చుని దాని రెండు చేతులూ పట్టుకున్నాడు. కూతురితో మాట్లాడేటప్పుడు అతని గొంతు దానంతటదే తగ్గింది.

"బయపడకు. ఎవులూ ఏటీ అనరు. ఆ రోజు నీకు ఫోటో తీసింది ఎవులమ్మా?"

ఫ్లోరా తల్లి వైపు చూసింది.

రోజలిన్ కదల్లేదు. సైగ చేయలేదు. చెయ్యి గెడ్డం దాకా పోలేదు, అది మాత్రం ఆమె ఆ తర్వాత ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెప్పగలదు. ఊరికే చూసింది, అంతే.

పిల్ల కింది దవడ మెల్లగా ముందుకు జరిగింది. చెవి దగ్గర టిక్కుమన్న చప్పుడు గదిలో అందరికీ వినపడింది. పెదాలు చక్కగా కలిశాయి. నొప్పికి కళ్ళ అంచున నీళ్ళు నిలిచాయి గానీ మొహం మాత్రం ఫోటోల్లో ఉన్నంత చక్కగా ఉంది.

"గజాలా ఆంటీయే," అంది.

"అయిపోనాది కదా. ఇంకేటి కావాలి?" అంది రత్నమణి.

యోహాన్ లేచి ఫిర్యాదు కాగితం, పెన్నూ తెచ్చి రోజలిన్ చేతిలో పెట్టాడు. "ఎట్టు."

  గజాలా రోజలిన్ వైపు చూడటం మానేసింది. ఆమె కళ్ళు పిల్ల చెవి ముందు, ఆ కీలు దగ్గరే ఆగిపోయాయి. నాలుగేళ్ళుగా ఆమె చేస్తున్నదీ అదే పని కదా. రెండడుగులు ముందుకు వేసి, ఫ్లోరా బుగ్గ మీద ఒక వేలు ఆనించింది.

"దవడ ఎనక్కి తీసుకో అమ్మా," అంది మెల్లగా. "అలాగ పట్టుకుంటే నొప్పి ఎక్కువవుతాది."

ఆమె తలుపు వైపు తిరిగింది. కానీ యోహాన్ అప్పటికే బల్ల మీది పాత ప్రింటు అందుకున్నాడు. దాన్ని చూశాడు. కూతురి మొహం చూశాడు. మళ్ళీ ప్రింటు చూశాడు. గోడ మీద ఫ్రేము కట్టించిన ఫోటో ఉంది, ఫ్లోరా చర్చిలో మొదటిసారి ప్రభువు బల్ల తీసుకున్న రోజు తెల్ల గౌనులో దిగినది. అతను చివరికి దాని ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వుండమ్మా గజాలా," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "ఫ్లోరా. ఇలాగ ఎట్టడం నీకు ఎవులు నేర్పారు?"

 ఫ్లోరా దవడ వెనక్కి తీసుకోలేదు. చెంపలు వణుకుతున్నా అలాగే బిగబట్టి తల్లి వైపు చూస్తోంది.

అయిందమ్మా అన్న మాట కోసం చూస్తోందని ఆ గదిలో రోజలిన్‌కి ఒక్కదానికే తెలుసు. ఆమె ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో పెన్ను పట్టుకుని నిలబడి ఉంది.